దాచుకునే యంత్రం, దాచుకునే హక్కు

తక్కువ ధరలో టెలివిజన్ కార్యక్రమాలను పట్టి దాచగల డి.వి.డి. రికార్డరు ఏది అనే ప్రశ్నకు సాహిత్య విమర్శ త్రైమాసికంలో చోటేమిటని ఎవరైనా అడిగితే ఆశ్చర్యపడనక్కర్లేదు. చూడటానికి అది ఇంటి జమాఖర్చుల ప్రశ్న. షాపువాడూ కొనేవాడూ తేల్చుకోవలసిన బేరం. కాని ఆ బేరం వెనక మరో ప్రశ్న ఉన్నది. మన ఇళ్ళలో చొరబడి, మన భాషనూ అభిరుచినీ రాజకీయాలనూ ఇంతగా మార్చిన టెలివిజన్‌కు రేపు చరిత్ర రాయవలసి వస్తే ఆధారాలు ఎవరి దగ్గర ఉంటాయి? పుస్తకానికీ పత్రికకూ ఉన్నట్టు దానికి గ్రంథాలయం ఉన్నదా? లేదు. లేనందువల్లనే, సామాన్య కుటుంబం తన కష్టార్జితంతో కొనుక్కున్న రికార్డింగు యంత్రం చరిత్రకారుడు పట్టించుకోవలసిన వస్తువైంది. ఆ యంత్రం ఎవరికి అందింది, ఎవరికి అందలేదు, అందినవారి చేతుల్లోంచి తిరిగి ఎలా జారిపోయింది అన్నదే ఇక్కడ చెప్పదలచిన విషయం.

దీనికి హైదరాబాదు తూర్పు భాగాన్ని ఉదాహరణగా తీసుకోవటానికి కారణం ఉన్నది. దూరదర్శన్ హైదరాబాదు కేంద్రం 1977 అక్టోబర్ 23న ప్రారంభమైంది. అది ఉన్నది రామంతపూర్‌లో. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మూసీ దాటితే అక్కడికి ఎంతో దూరం లేదు. ఎల్.బి.నగర్ చౌరస్తా నుంచి విజయవాడ రోడ్డున హయత్‌నగర్ దాటి పోతే 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీ వస్తుంది. అంటే తెలుగు టెలివిజన్‌లో ప్రభుత్వ రంగానికొకటీ ప్రైవేటు పెట్టుబడికొకటీ అనదగిన రెండు స్థావరాల మధ్య ఈ రెండు పేటలూ ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ ఒకనాడు దిల్‌సుఖ్‌రాం ప్రసాద్ అనే జాగీర్దారు పొలమని చెబుతారు, పొలం ప్లాట్లయింది. లాల్‌బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకున్న ఎల్.బి.నగర్ 2007లో మహానగర పాలక సంస్థలో కలిసేవరకు విడి మునిసిపాలిటీ. నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి విజయవాడ రోడ్డు వెంట వచ్చినవారెందరో ఇక్కడ దిగిపోయారు: గుమాస్తాలు, పంతుళ్ళు, బస్సు డ్రైవర్లు, పండ్ల మార్కెట్టు హమాలీలు, కోచింగుల కోసం వచ్చి గదుల్లో కాపురమున్న విద్యార్థులు. టెలివిజన్‌ను తయారుచేసేవారు రెండు కొసలా ఉంటే చూసేవారు మధ్యన ఉన్నారు. దాచినవారెవరు?

మన రాష్ట్రంలో టెలివిజన్ మొదట పట్నవాసుల కన్న ముందు పల్లెవాసులకు కనిపించిందన్న సంగతి చాలామంది మరిచారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాల్లో, అమెరికా వారి ఉపగ్రహం సాయంతో మన అంతరిక్ష పరిశోధన సంస్థ ఒక ప్రయోగం జరిపింది. దాన్ని సైట్ అనేవారు. ఆ ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగు కార్యక్రమాలను తయారుచేసేందుకు హైదరాబాదులో ఒక కేంద్రాన్ని పెట్టారు. సేద్యం, ఆరోగ్యం, పిల్లల చదువు అందులో ముఖ్య విషయాలు. ఊరుమ్మడి స్థలంలో పెట్టె పెట్టి ఊరంతా చూశారు. ఏడాది గడవగానే ఉపగ్రహం వెళ్ళిపోయింది. టెలివిజన్‌ను ఉమ్మడి ఆస్తిగా చూసిన ఆ ఒక్క ఏడాదిని మన చరిత్రలో ఒక అధ్యాయంగా రాయవలసింది. రాయటానికి నివేదికలున్నాయి. బొమ్మలు కావాలంటే మాత్రం వెతుక్కోవాలి.

ఎందుకంటే ఆ రోజుల్లో టేపు ఖరీదైన వస్తువు, కార్యక్రమం చౌకైన వస్తువు. ఒకసారి ప్రసారమైనదాన్ని చెరిపి అదే టేపు మీద మరొకటి ఎక్కించటం ప్రపంచమంతటా జరిగింది. ఎంతో సంపన్నమైన బి.బి.సి. సైతం 1970ల చివరిదాకా తన నాటకాలను తానే చెరిపేసుకున్నది. 'డాక్టర్ హూ' అనే ఒక్క ధారావాహికలోనే దాదాపు వంద భాగాలు అలా పోయాయి. వాటి మాటలైనా ఇవాళ వినిపిస్తున్నాయంటే, ఇళ్ళలో కూర్చున్న కుర్రవాళ్ళు టెలివిజన్ ముందు టేపు రికార్డర్లు పెట్టి శబ్దాన్ని పట్టుకోవటం వల్లనే. సంస్థ చెరిపినదాన్ని ప్రేక్షకుడు దాచాడు. దూరదర్శన్ ఈ చెరిపే అలవాటుకు మినహాయింపు కాదు. తెలుగులో తొలి టెలివిజన్ వార్తలను శాంతిస్వరూప్ 1983 నవంబర్ 14న చదివారు. ఎదుట అక్షరాలు చూపే యంత్రం లేని కాలంలో వార్తలను కంఠస్థం చేసి చెప్పిన మనిషి, 2024లో కన్నుమూశారు. ఆయన చదివిన తొలినాటి వార్తలను వరుసగా చూసి, తెలుగు వార్తాభాష ఎలా తయారైందో పరిశోధించాలని ఒక విద్యార్థి అనుకుంటే ఏ గ్రంథాలయానికి పోవాలి?

పుస్తకం సంగతి వేరు. 1954లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకమూ కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ మరికొన్ని పెద్ద గ్రంథాలయాలకూ చేరాలి. 1956లో పత్రికలను కూడా ఆ చట్టంలోకి తెచ్చారు. అమలులో లోపాలెన్ని ఉన్నా సూత్రం గొప్పది: అచ్చయినది జాతి జ్ఞాపకంలో భాగమని రాజ్యం ఒప్పుకున్నది. టెలివిజన్‌కు ఆ సూత్రం వర్తించలేదు. ఫ్రాన్సు 1992లో చట్టం చేసి రేడియో, టెలివిజన్ ప్రసారాలను కూడా పుస్తకాల్లాగే జాతీయ భాండాగారానికి అప్పజెప్పాలన్నది. మన దగ్గర ప్రైవేటు చానెళ్ళకు ఉన్న నిబంధన ఏమిటి? ప్రసారం చేసినదాన్ని 90 రోజులపాటు దాచి ఉంచాలి. అదైనా చరిత్ర కోసం కాదు, ఫిర్యాదు వస్తే పరిశీలించటానికి. తొంభై ఒకటో రోజున ఆ కంపెనీ దాన్ని ఉంచుకోనూవచ్చు, తుడిచేయనూవచ్చు, గజాల లెక్కన అమ్మనూవచ్చు.

ఈ 90 రోజులంటే ఏమిటో ఎల్.బి.నగర్‌లో నిలబడితే తెలుస్తుంది. 2009 నవంబర్ 29న ఆ చౌరస్తాలో శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నాడు. డిసెంబర్ 3న మరణించాడు. ఆ దృశ్యాన్ని చానెళ్ళు చూపించిన తీరు, చూపిస్తూ పలికిన మాటలు లక్షల ఇళ్ళలోకి వెళ్ళాయి. డిసెంబర్ 9 రాత్రి తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ ప్రారంభమవుతుందని కేంద్ర హోంమంత్రి ప్రకటించాడు. డిసెంబర్ 23న మరో ప్రకటన వచ్చి మొదటిదాన్ని వెనక్కు లాగింది. రెండింటినీ జనం టెలివిజన్‌లోనే విన్నారు. మర్నాటి పత్రికలు ఏమి రాశాయో గ్రంథాలయంలో చూడవచ్చు. ఏ చానెలు ఏ దృశ్యాన్ని ఎన్నిసార్లు చూపింది, ఎవరిని మాట్లాడనిచ్చింది, ఎవరి నోరు నొక్కింది అన్నవాటిని దాచి ఉంచవలసిన చట్టబద్ధమైన బాధ్యత 2010 మార్చి ముగియక మునుపే తీరిపోయింది. ఒక ప్రజా ఉద్యమపు చరిత్రలో టెలివిజన్ పాత్ర ఏమిటో రాయదలచినవాడు చానెలు యజమాని దయ మీద ఆధారపడాలి; లేదా ఆ రోజుల్లో తన ఇంట్లో రికార్డరు బొత్తాము నొక్కిన ఎవరో ఒకరి మీద ఆధారపడాలి.

ఇప్పుడు ఆ బొత్తాము సంగతి.

ఇంట్లో వాడదగిన వీడియో రికార్డర్లు జపానులో పుట్టాయి. 1975లో సోనీ వారి బేటామాక్స్ వచ్చింది, 1976లో జె.వి.సి. వారి వి.హెచ్.ఎస్. వచ్చింది. అమెరికాలో సినిమా కంపెనీలు వెంటనే కోర్టుకెక్కాయి. ఎనిమిదేళ్ళ తగాదా తర్వాత 1984 జనవరి 17న అక్కడి సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పు చెప్పింది: ప్రసారాన్ని తనకు వీలైన వేళ చూసుకోవటానికి ఇంట్లో రికార్డు చేసుకోవటం నేరం కాదు. ఒక్క ఓటు తేడాతో బతికిన హక్కు ఇది. దీనిలోని వర్గ స్వభావాన్ని గమనించాలి. ప్రసార సమయాన్ని నిర్ణయించేది యజమాని. చూసేవాడి సమయాన్ని నిర్ణయించేది అతని యజమాని. రాత్రి షిఫ్టులో పనిచేసేవాడికి రాత్రి ఎనిమిది గంటల కార్యక్రమం లేనట్టే. ఈ రెండు కాలాల మధ్య శ్రామికుడికి కాస్త ఊపిరాడే చోటు కల్పించిన యంత్రం రికార్డరు.

మన దగ్గర ఆ చోటు అవసరం లేక కాదు. పనిచేసుకుంటూ చదువుకునేవారి కోసం 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో వెలసింది. ఈనాటి అంబేద్కర్ విశ్వవిద్యాలయం అదే. 1984 ఆగస్టు 15 నుంచి విశ్వవిద్యాలయ నిధుల సంఘం వారు కళాశాల విద్యార్థుల కోసం దూరదర్శన్‌లో దేశవ్యాప్త పాఠాలు మొదలుపెట్టారు. ఎప్పుడు? పగటి పూట. పగలు పనికి పోయేవాడు ఆ పాఠం వినాలంటే ఇంట్లో రికార్డరు ఉండాలి. రికార్డరు కొనగలవాడికి ఆ పాఠం అంత అవసరం లేదు. ప్రభుత్వం పాఠాన్ని ఉచితంగా ఇచ్చి, దాన్ని అందుకునే సాధనాన్ని బజారుకు వదిలేసింది.

బజారులో ఏమున్నది? చూసే పెట్టెను మన పబ్లిక్ రంగం చేసింది. 1967లో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. హైదరాబాదులోనే ఇ.సి. టీవీలను తయారుచేసింది, తెలుగు మధ్యతరగతి ఇళ్ళలో తొలి నలుపు తెలుపు పెట్టెల్లో అవి ఎన్నో. దాచే పెట్టె మాత్రం ఎక్కువగా జపానులో తయారై గల్ఫ్ మీదుగా వచ్చింది. అక్కడ కూలికి పోయినవాడు సెలవు మీద ఇంటికి వస్తూ తెచ్చుకునే సామానులో బంగారం తర్వాత వి.సి.ఆర్. ఉండేది. దీనికొక సాంకేతిక కారణం కూడా తోడైంది: గల్ఫ్ దేశాల్లో చాలావాటిలోనూ మన దేశంలోనూ రంగుల టెలివిజన్ పద్ధతి పాల్, కరెంటు వోల్టేజీ కూడా ఇంచుమించు ఒకటే, దుబాయి యంత్రం ఇక్కడ తీగ తగిలించగానే పనిచేసింది. అమెరికా యంత్రం పనిచేయలేదు. అందుచేత మన రాష్ట్రంలో వీడియోను మొదట వ్యాపింపజేసినవారిలో డాక్టర్లూ ఇంజనీర్లూ గాక, ఎడారిలో గోడలు కట్టిన మేస్త్రీలూ ఉన్నారు. ఈ సంగతిని మన సాంస్కృతిక చరిత్రకారులు ఇంకా రాయలేదు.

అయితే వచ్చిన యంత్రం ఎలా ఉపయోగపడింది? పెళ్ళిళ్ళకూ పండగలకూ వి.సి.ఆర్.నూ రంగుల టీవీనీ రాత్రి అద్దెకు తెచ్చి, తెల్లవార్లూ నాలుగు సినిమాలు చూసి, పొద్దున్నే తిరిగి ఇచ్చేసేవారు. అంటే మన దగ్గర వి.సి.ఆర్. ప్రధానంగా సినిమా వేసుకునే యంత్రం, రికార్డు చేసుకునే యంత్రం కాదు. ఎర్ర బొత్తాము చాలా ఇళ్ళలో అరగకుండానే మిగిలిపోయింది. అద్దె యంత్రం మీద ఎవరు రికార్డు చేస్తారు? పైగా ఉన్నది ఒకే చానెలు. 1987 జనవరి నుంచి ఆదివారం ఉదయం 'రామాయణ్' వస్తుంటే దేశమంతా పని మానుకొని చూసింది గాని దాచుకుందామనుకోలేదు. మన ప్రభుత్వానికి కూడా వీడియో అనగానే దొంగ క్యాసెట్టే కనిపించింది. 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. అదే చట్టంలో 39వ సెక్షను ఒకటున్నదనీ, సొంత ఉపయోగానికి గాని నిజమైన బోధనకు, పరిశోధనకు గాని ప్రసారాన్ని రికార్డు చేసుకుంటే అది ప్రసారహక్కుకు భంగం కాదని అది చెబుతున్నదనీ ఎందరు ఉపాధ్యాయులకు తెలుసు? హక్కు ఉన్నదని తెలియనివాడికి హక్కు లేనట్టే.

ఆ బొత్తామును నొక్కిన మనిషి కథ ఒకటి చెప్పాలి. ఆమె మనవారు కారు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరవాసి, నల్లజాతి మహిళ, మేరియన్ స్టోక్స్. వృత్తికి లైబ్రేరియను, రాజకీయాలకు కమ్యూనిస్టు. 1979లో ఇరాన్‌లో అమెరికా రాయబార కార్యాలయ సిబ్బంది బందీలైనప్పుడు వార్తాచానెళ్ళు ఒకే సంగతిని రోజురోజుకూ ఎలా మార్చి చెబుతున్నాయో గమనించి, ఆమె టెలివిజన్ వార్తలను రాత్రింబవళ్ళు రికార్డు చేయసాగింది. ఇంట్లో ఎన్నో యంత్రాలు ఒకేసారి తిరిగేవి. ఆరు గంటలకొకసారి టేపులు మార్చాలి కనుక కుటుంబం భోజనానికి బయటకు పోయినా వేళకు ఇల్లు చేరవలసిందే. 2012 డిసెంబరులో చనిపోయేదాకా ఆమె మానలేదు. మిగిలినవి దాదాపు 70,000 టేపులు. 2013లో వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ తీసుకున్నది. ఏ కంపెనీ చెప్పింది ఏమిటో కంపెనీకే గుర్తులేనప్పుడు చూపించగల సాక్ష్యం అది. ఆమెను ఇరుగుపొరుగు పిచ్చిదనుకొని ఉండవచ్చు. ఆమెకు భర్త ఆస్తి, కొన్న షేర్ల లాభం ఉన్నందున అంత ఖర్చు భరించగలిగింది. ఒక వ్యక్తి సంపద మీద ఆధారపడిన భాండాగారం ఎంత గొప్పదైనా యాదృచ్ఛికమే. ఆ పరిమితిని కూడా చెప్పుకోవాలి.

మన దగ్గర దాచవలసిన అవసరం సామాన్యుడికి తోచింది 1995 తర్వాత. ఆ ఏడాది ఫిబ్రవరి 9న మన సుప్రీంకోర్టు గాలితరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. అదే ఏడాది జెమినీ వచ్చింది, ఆగస్టు 27న ఈటీవీ వచ్చింది. ప్రజల ఆస్తి అని కోర్టు అన్న ఏడాదే ఆ ఆస్తి మీద ప్రైవేటు దున్నకం మొదలైంది. ఒకే వేళకు రెండు చానెళ్ళలో రెండు సీరియళ్ళు వస్తే ఇంట్లో తగువు. 'పాడుతా తీయగా' వంటి కార్యక్రమంలో తెలిసినవారి పిల్ల పాడితే దాన్ని పదిమందికీ చూపాలన్న కోరిక. ఇటువంటి చిన్న చిన్న అవసరాల మీదనే రికార్డర్లకు గిరాకీ పుట్టింది. అప్పటికి వి.సి.ఆర్. ముసలిదవుతున్నది, వానాకాలపు చెమ్మకు టేపు మీద బూజు పట్టేది, తల అరిగితే బొమ్మలో గీతలు పడేవి.

డి.వి.డి. రికార్డరు 1999 చివర జపానులో పయొనీర్ కంపెనీ ద్వారా బజారులోకి వచ్చింది. మన షాపుల్లో సామాన్యుడి కంటికి ఆనటానికి మరి కొన్నేళ్ళు పట్టింది. వచ్చీరాగానే కొనేవాడిని గందరగోళంలో ముంచింది. కారణం యంత్రం కాదు, కంపెనీల తగాదా. పయొనీర్ పక్షం వారి డిస్కు పేరు చివర మైనస్ గుర్తు. ఫిలిప్స్, సోనీ పక్షం వారి డిస్కుకు ప్లస్ గుర్తు. పానసోనిక్ వారు ర్యామ్ అనే మూడో రకాన్ని మోశారు. మూడూ చూడటానికి ఒకటే, మూడింటిలోనూ పట్టేది 4.7 గిగాబైట్లే. కాని ఒకరి యంత్రంలో రాసినది మరొకరి యంత్రం చదవదు. శాస్త్రవిజ్ఞానం సాధించిన ఏకత్వాన్ని పేటెంటు లాభాల కోసం మూడు ముక్కలు చేసి, మూడు ముక్కల ఖర్చును కొనేవాడి నెత్తిన పెట్టారు. దీన్ని పోటీ అనీ, పోటీ వల్ల వినియోగదారుడికి మేలనీ అర్థశాస్త్ర పాఠాల్లో చెబుతారు. చివరకు అన్ని రకాలనూ చదివే యంత్రాలు వచ్చాయి. అప్పటికి ముందు కొన్నవాడి డబ్బు పోయింది.

చౌక అనే మాటకు అర్థం ఈ యంత్రం విషయంలో ధరచీటీ మీద లేదు. లెక్క వేసి చూద్దాం. అరగంట సీరియలు వారానికి ఐదు రోజులు వస్తే నెలకు దాదాపు 22 భాగాలు, 11 గంటలు. బొమ్మ బాగుండే రెండు గంటల పద్ధతిలో రాస్తే నెలకు ఆరు డిస్కులు, ఏడాదికి 72. నాలుగు గంటల పద్ధతిలో మూడు. ఆరు గంటల పద్ధతిలో రెండు, కాని బొమ్మ మసకబారి, కదిలేచోట గళ్ళు కనిపిస్తాయి. ప్రకటనలకు గంటకు 12 నిమిషాలు మించరాదని నిబంధన. వాటిని వదిలి రాస్తే డిస్కులో అయిదోవంతు దాకా మిగులుతుంది. ఒకసారే రాయగల డిస్కు చౌక; తిరగరాయదగినది ఖరీదెక్కువ గాని వెయ్యి సార్లు దాకా పనికివస్తుంది. చూసి చెరిపేవాడికి రెండోది లాభం, దాచేవాడికి మొదటిది. అంటే యంత్రాన్ని ఎంచటానికి ముందు తాను దేనికోసం రికార్డు చేస్తున్నాడో మనిషి తేల్చుకోవాలి. షాపువాడు ఈ ప్రశ్న అడగడు. మరొక చిక్కు: ఒకసారి రాసే డిస్కును చివర ముద్ర వేసినట్టు ఫైనలైజు చేయకపోతే అది ఆ యంత్రంలో తప్ప వేరే ప్లేయరులో ఆడదు. ఈ మాట తెలియక ఎందరో డిస్కు చెడిపోయిందనుకొని పారేశారు.

గల్ఫ్ కార్మికుడి కథ ఇక్కడ తలకిందులైంది. ఈ కాలానికి దిల్‌సుఖ్‌నగర్ కంప్యూటరు కోచింగులకు పేరుబడింది, పిల్లలు అమెరికా పోతున్నారు. అక్కడ రికార్డర్లు చౌక. తెచ్చినవారున్నారు. కాని అమెరికా పద్ధతిలో బొమ్మకు 525 గీతలు, మనకు 625. వారి కరెంటు 120 వోల్టులు, మనది 230. కరెంటును తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు కొని తగిలించినా, ఆ యంత్రంలోని ట్యూనరు మన చానెలును పట్టదు. మేస్త్రీ తెచ్చిన పెట్టె పనిచేసింది, ఇంజనీరు తెచ్చిన పెట్టె అటక ఎక్కింది. సరదాకి చెప్పటం కాదు. సాంకేతిక ప్రమాణాలు కూడా చరిత్రలో భాగమేనని చెప్పటానికి ఇంతకన్న మంచి ఉదాహరణ లేదు.

ఇన్ని చిక్కులూ దాటి రికార్డరును సాధించినవాడి చేతిలోంచి దాన్ని లాగేసింది కంపెనీల తగాదా కాదు, చట్టం. 2011 డిసెంబరులో కేబుల్ టెలివిజన్ చట్టాన్ని సవరించారు. రెండో విడతలో హైదరాబాదుతో సహా 38 నగరాలకు 2013 మార్చి 31 గడువు. ఆ తర్వాత కేబులు తీగను నేరుగా రికార్డరుకు తగిలిస్తే బొమ్మ రాదు. మధ్యలో కంపెనీ పెట్టె ఉండాలి. రికార్డరులోని ట్యూనరు ఒక్కసారిగా పనికిమాలినదైంది. టైము పెట్టి నిద్రపోతే రికార్డరు వేళకు లేస్తుంది గాని, పక్కనున్న పెట్టె ఆ చానెలు మీద ఉండదు. పొద్దున చూస్తే రెండు గంటల చీకటి రికార్డయి ఉంటుంది. కంపెనీలు దీనికి మందు కూడా తామే అమ్మాయి: రికార్డు చేసే పెట్టె. కాని అందులో దాచినది తాళం వేసిన రూపంలో ఆ పెట్టెలోనే ఉంటుంది. డిస్కు మీదికి తీసి పొరుగువాడికి ఇవ్వటానికి వీలుండదు, పెట్టె పోతే అదీ పోతుంది. తాళం తీయబోతే 2012లో చేరిన 65ఎ సెక్షను కాచుకొని ఉన్నది. హక్కును భంగపరచే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదించటం ఆ సెక్షను ప్రకారం నేరం. 39వ సెక్షను ఒక చేత్తో ఇచ్చినదాన్ని పెట్టె తయారీదారు మరో చేత్తో తీసుకున్నాడు. చట్టం దాచుకోవచ్చునంటుంది, యంత్రం దాచుకోనివ్వదు. ఇంట్లో గింజ దాచుకునే రైతు ఏటా విత్తనాల కంపెనీ గుమ్మం తొక్కవలసి రావటం వంటిదే ఇది.

"సీరియళ్ళను, అరుపుల చర్చలను దాచి ఏం చేస్తాం? అది ప్రజలకు మత్తుమందు" అని తీసిపారేసే మిత్రులున్నారు. మత్తుమందు అయితే మరింత జాగ్రత్తగా దాచాలి. విషాన్ని పరీక్షించకుండా విరుగుడు చెప్పే వైద్యుడు ఉండడు. కొడవటిగంటి కుటుంబరావు వంటివారు సినిమాను అంటరానిదిగా చూడక దాని మీద అన్ని వ్యాసాలు రాశారు కనుకనే ఆనాటి తెలుగు సినిమా గురించి మనకు పొగడ్తలు గాక ఆలోచన మిగిలింది. రెండో ఆక్షేపణ కొంచెం బరువైనది: అన్నీ యూట్యూబులో ఉన్నాయి కదా అని. కొన్ని ఉన్నాయి. ప్రసారభారతి తన పాత టేపులు కొన్నింటిని అక్కడ పెట్టటం స్వాగతించవలసిందే. కాని ఏది పెట్టాలో ఎన్నుకునేవాడు యజమాని, ఎప్పుడు తీసేయాలో నిర్ణయించేవాడు కూడా యజమానే. గ్రంథాలయంలో పుస్తకాన్ని రాత్రికి రాత్రి ప్రచురణకర్త వచ్చి ఎత్తుకుపోలేడు. ప్రసారాలకు కూడా 1954 నాటి పుస్తకాల చట్టం వంటిది కావాలి, 90 రోజుల నిబంధన స్థానే ప్రజా భాండాగారం కావాలి అని అడిగే సంఘం ఇంతవరకు గట్టిగా గొంతెత్తలేదు. రచయితల సంఘాలూ ఉపాధ్యాయ సంఘాలూ గొంతెత్తక మరెవరు ఎత్తుతారు?

ఆ చట్టం వచ్చేలోపు చేయదగినది ఉన్నది. వి.హెచ్.ఎస్. యంత్రాల తయారీని చివరిగా సాగిస్తున్న జపాను కంపెనీ ఫునై 2016 జూలైలో ఆపేసింది. సోనీ కంపెనీ తన రాయదగిన బ్లూరే డిస్కుల తయారీని 2025 ఫిబ్రవరిలో ఆపింది. కొత్త డి.వి.డి. రికార్డరు షాపులో దొరకటం దాదాపు లేదు. పాతది అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. అయినా ఒక పనికి అది ఇప్పటికీ విలువైనదే: అటకల మీద ఉన్న పాత టేపులను డిస్కుకు, అక్కడినుంచి కంప్యూటరుకు ఎక్కించటానికి. వి.హెచ్.ఎస్. మూతి, డి.వి.డి. మూతి రెండూ ఉన్న జంట యంత్రం దొరికితే మేలు. కొనేముందు వెంట ఒక ఖాళీ డిస్కు తీసుకుపోవాలి. అక్కడే అయిదు నిమిషాలు రాయించి, ఫైనలైజు చేయించి, వేరే ప్లేయరులో ఆడితేనే డబ్బివ్వాలి. వెనకవైపు పసుపు, ఎరుపు, తెలుపు రంధ్రాలు లోపలికి తీసుకునేవీ ఉన్నాయా, బయటికిచ్చేవి మాత్రమేనా చూడాలి. వట్టి ప్లేయరును రికార్డరని అంటగట్టటం సులువు. పాల్ పద్ధతిలో రాస్తుందని స్పష్టంగా తేల్చుకోవాలి. ఇవాళ్టి ప్రసారాలను పట్టటానికైతే డి.వి.డి. జోలికి పోనక్కర్లేదు. 2004 డిసెంబరులో మొదలై తర్వాత ఫ్రీ డిష్ అని పేరు మార్చుకున్న దూరదర్శన్ వారి ఉచిత సర్వీసులో తాళం వేయని చానెళ్ళు ఎన్నో ఉన్నాయి. వాటిని పట్టే మామూలు పెట్టెల్లో చాలావాటికి యు.ఎస్.బి. రంధ్రం ఉంటుంది, అందులో పెన్‌డ్రైవు పెడితే రికార్డవుతుంది. చందా కట్టించుకునే కంపెనీల పెట్టె కన్న బీదవాడి పెట్టెకే ఈ విషయంలో స్వేచ్ఛ ఎక్కువ.

టేపులు ఎక్కించేటప్పుడు వరుస కూడా ముఖ్యం. బూజు కనిపించిన టేపును యంత్రంలో పెట్టరాదు; దాని తల పాడై మిగతా టేపులన్నిటికీ అంటుకుంటుంది. సినిమాలున్న టేపులు చివరికి ఉంచవచ్చు, వాటిని దాచేవారు వేరే ఉన్నారు. వార్తలు, పాఠాలు, స్థానిక కార్యక్రమాలు, ఎవరో ఒక సభను చూపిన నాలుగు నిమిషాలు, ఇవి ముందు. క్యాసెట్టు మీద తేదీ రాసి ఉండకపోతే కంగారుపడనక్కర్లేదు. మధ్యలో వచ్చే సబ్బుల ప్రకటనలు, పండగ తగ్గింపు ధరలు, రేపు విడుదలయ్యే సినిమా పేరు చూస్తే ఏ ఏడాది ఏ నెలో తేలిపోతుంది. అందుచేత డిస్కు పొదుపు కోసం ప్రకటనలను కోసేయరాదు.